నేను గీసిన చాట

బియ్యంలో రాళ్లు రావడం మానేశాయి. దీని మీద నాకు ఫిర్యాదు ఉంది. ఏ ఆఫీసులో ఇవ్వాలో తెలియక ఇక్కడ రాస్తున్నాను.

ఇదివరకు మా ఇంట్లో మధ్యాహ్నం పూట మా ఆవిడ వరండాలో కూర్చుని బియ్యం చెరిగేది. చేతులు పనిలో ఉండేవి కాబట్టి నోటికి తీరిక దొరికేది. నేను పక్కన కుర్చీ వేసుకుని, నా గురించిన నిజాలన్నీ వరుసగా వినేవాణ్ని. ఇప్పుడు నిజామాబాద్‌లో ఏ దుకాణంలో సంచి కొన్నా ఒక్క రాయి లేదు, ఒక్క పొట్టు లేదు. చాట అటకెక్కింది. నా గురించిన నిజాలు కూడా దాంతోపాటే ఎక్కాయి. రిటైరైన మనిషికి ఇది చిన్న లోటు కాదు.

సరే, ఉద్యోగం సంగతికి వస్తాను. కొత్తగా చేరిన పిల్లలు ఎక్కడైనా పెళ్లిలో కనబడితే మర్యాదకు అడుగుతుంటారు, "సార్, మీ సర్వీసులో మీరు చేసిన గొప్ప పని ఏమిటి?" అని. అడిగి ప్లేటు పట్టుకుని వెళ్లిపోతారు, జవాబు వినరు. వినేవాళ్ల కోసం చెబుతున్నాను. అన్నేళ్ల సర్వీసులో నేను లోపం లేకుండా పూర్తిచేసిన పని ఒక్కటే. ఒక ఊరి ఆడవాళ్లు పంటకాలమంతా కష్టపడి తీసిన ఫొటోలను, వాళ్ల వేళ్లతోనే, వాళ్లు నవ్వుతూ ఉండగానే, మాయం చేయించాను.

నేను నిజామాబాద్‌లో ఒక కార్యాలయంలో కంప్యూటర్ల విభాగం చూసేవాణ్ని. చూసేవాణ్ని అన్నది సరైన మాట. బాగుచేయడం తక్కువ, చూడడం ఎక్కువ. రిటైర్మెంటుకు రెండేళ్లుందనగా ఒక కొత్త పని వచ్చింది. పసుపు పండించే ఊళ్లలోని మహిళా సంఘాలకు తలా ఒక ట్యాబ్ ఇవ్వాలి. వాళ్లు పంటను నెలనెలా ఫొటోలు తీయాలి. బాగున్నది దాచాలి, బాగాలేనిది తీసెయ్యాలి. అంతే. దాచడానికి ఒక బొమ్మ, తీసెయ్యడానికి ఒక బొమ్మ. వచ్చిన బొమ్మలు మామూలువే: దాచడానికి ఫ్లాపీ, తీసెయ్యడానికి చెత్తడబ్బా.

మా పెద్దసారు, అంటే సెక్షన్ అధికారి, నెమ్మదైన మనిషి. కోపం వచ్చినా చాయ్ తాగి రానిచ్చేవాడు. "ఏమయ్యా, గీ బొమ్మలు జనానికి సమజైతయో లేదో ఓపాలి అరుసుకొని రా" అని నన్ను బోధన్ వైపు పంపాడు. పసుపు రైతులున్నది ఆర్మూరు వైపు. చెరకు రైతులున్నది బోధన్ వైపు. ఈ విషయం నేను గుర్తుచేస్తే, "బొమ్మకు పంటతోని ఏం పని?" అన్నాడు. అదీ నిజమే అనిపించింది. ఆ రోజుల్లో నాకు చాలా విషయాలు నిజమే అనిపించేవి.

బోధన్ దాటాక చెరకు ట్రాక్టర్లు ఆగే ఒక చాయ్ హోటల్లో బల్ల మీద అట్టముక్కలు పరిచాను. ఒక్కో అట్ట మీద ఒక్కో బొమ్మ. సెట్టింగులకు వాడే పళ్లచక్రం చూపిస్తే, "గానుగ చక్రం. ఎవలిది ఇరిగింది?" అన్నారు. వెతకడానికి వాడే భూతద్దం చూపిస్తే, "పెనం. పిడి సన్నగున్నది, కాలుతది." మబ్బు కింద బాణం ఉన్న డౌన్‌లోడ్ బొమ్మ చూపించగానే ముగ్గురు లేచి నిలబడ్డారు. "వాన! ఎన్నడు వడ్తది సార్? చెరకు కోసి పెట్టుకున్నం."

ఫ్లాపీ అట్టను చేతులు మార్చుకుంటూ తిప్పితిప్పి చూశారు. చివరికి ఒక పెద్దాయన తేల్చాడు. "కరెంటు మీటరు."

"కాదండీ. ఒకప్పుడు దీన్ని మేం జేబులో పెట్టుకుని తిరిగేవాళ్లం."

"మీటరు పీకి జేబుల వెట్టుకొని తిరిగెటోల్లా సార్ మీరు?" అని ఆయన కొంచెం దూరం జరిగి కూర్చున్నాడు.

చెత్తడబ్బా చూసి అందరూ ముచ్చటపడ్డారు. నీళ్ల డ్రమ్ము అట. మూత మంచిగున్నదట. ఏ దుకాణంలో దొరుకుతుందో కూడా అడిగారు. ఇందులో చెత్త వేస్తారని చెబితే, అంత మంచి మూత పెట్టుకుని చెత్త వేసే మనిషి ఎవరో చూడాలన్నారు.

తిరుగు బస్సులో నాకు జ్ఞానోదయమైంది. బల్ల కింద చెత్తడబ్బా పెట్టుకుని పనిచేసేవాడు గీసిన బొమ్మ, బల్లే లేనివాడికి ఎందుకు తెలుస్తుంది? మన వాళ్లకు తెలిసిన వస్తువులనే బొమ్మలుగా గీయాలి. ఎవరు గీయాలి? కాలేజీ రోజుల్లో వార్షిక సంచికకు బొమ్మలు గీసిన చరిత్ర నాకుంది. ఇద్దరు మెచ్చుకున్నారు కూడా. అందులో ఒకరు మా అమ్మ.

దాచడానికి గుమ్మి గీశాను. తెలియని పిల్లల కోసం: వెదురుతో అల్లి, పేడతో అలికి, వడ్లు పోసుకునే మనిషెత్తు బుట్ట అది. తీసెయ్యడానికి చాట గీశాను. పుస్తకాల్లో చేట అని రాస్తారు, మా వైపు చాట. చాటలో పోసి చెరిగితే పొల్లు, అంటే తాలు, ఎగిరిపోతుంది. అక్కరలేనిది పోవడమే కదా డిలీట్ అంటే! ఈ ఆలోచన వచ్చిన సాయంత్రం నేను ఇంటికి నడిచి పోలేదు, కొద్దిగా తేలుతూ పోయాను.

మళ్లీ అదే హోటలు, అవే మొహాలు. ఈసారి అట్ట బల్ల మీద పడకముందే జవాబు వచ్చింది. "చాట." "గుమ్మి." ఒకాయనైతే, "అంచు అల్లిక గూడ మంచిగ గీసిండ్రు" అన్నాడు. పెద్దాయన మాత్రం జేబులు పట్టుకునే కూర్చున్నాడు. నూటికి నూరు మార్కులని నివేదిక రాశాను.

పెద్దసారు చూసి ఒక్కటే అడిగాడు. "కింద ఓ ముక్క రాస్తే ఏం పోతది? 'ఉంచు', 'తీసెయ్' అని."

"మాట రాస్తే బొమ్మకు అవమానం సార్."

ఆయన చాయ్ తాగి, "సరే తియ్. బొమ్మ ఇజ్జత్ నువ్వే కాపాడు" అన్నాడు.

ఇక అసలు ఊరు. నందిపేట్ దగ్గర, గోదావరి వైపు. అక్కడి సంఘం లీడరు నలభై ఏళ్ల మనిషి. ఊరంతా అక్క అనేవాళ్లు, నేనూ అక్క అనే అనేవాణ్ని. ఆమెకో అత్త. పొట్టి మనిషి, గట్టి మనిషి, అందరికీ అవ్వ. ఆ అవ్వ పెళ్లయి వచ్చేటప్పుడు వేల్పూర్ దగ్గరి తల్లిగారింటి నుంచి కొంగున కట్టుకుని పసుపు కొమ్ములు తెచ్చిందట. సన్నకొమ్ము, ముదురు రంగు, విరిస్తే ఇల్లంతా వాసన. ఆకుమచ్చ తెగులు దాని జోలికి రాదని అవ్వ నమ్మకం. ఊళ్లో అందరూ కొత్త రకాలకు మారినా, వీళ్ల చేలో ఒక మూల మాత్రం ఈ పసుపే.

విత్తన పరిశోధన చేసే ఒక మేడం దీని గురించి విని, నెలనెలా మొక్క ఎత్తు, ఆకు తీరు చూపించే ఫొటోలుంటే వచ్చే ఏడు పరీక్షల జాబితాలో చేరుస్తానని మాటిచ్చింది. లేకపోతే లేదు. అక్క భర్తకు అప్పటికే ఓపిక అయిపోయింది. "ఈ ఏడు జాబితాల వడకుంటే ఇత్తనం గూడ ఉడకవెట్టుడే. ఆ మూలకు మక్కజొన్న ఏస్త" అని తేల్చేశాడు. ఉడికిన పసుపు అమ్ముకోవడానికి పనికొస్తుంది గానీ మొలకెత్తదు. అవ్వ కొంగున వచ్చిన పసుపు అంతటితో సరి.

కాబట్టి ఆ ట్యాబ్‌ను అక్క దేవుడి గూట్లో పెట్టుకుంది. నేను నేర్పడానికి పోతే అరగంట కూడా పట్టలేదు. "మంచి ఫొటో అయితే ఉంచుకోండి. పాడైతే తీసెయ్యండి. బొమ్మలు చూస్తే మీకే తెలుస్తుంది" అన్నాను.

"చాట తెల్వదా సార్ మాకు?" అని ఆడవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను. ఏది నొక్కినా టింగుమని ఫొటో తెర మీంచి పోతుంది. ఒకటి గుమ్మిలోకి, ఒకటి గాల్లోకి. ఆ టింగుమనే చప్పుడు కూడా నా ఎంపికే.

పంటకాలమంతా నిజామాబాద్‌లో నా కంప్యూటర్ మీద గుమ్మి లెక్క పెరుగుతూ పోయింది. పెద్దసారుకు రోజూ చూపించేవాణ్ని. లోపల ఏమున్నాయో ఒక్కసారి కూడా తెరవలేదు. లెక్క పెరుగుతుంటే మూత తీసి చూడాలని ఎవరికి బుద్ధి పుడుతుంది?

మేడం వచ్చిన రోజు సంఘం భవనంలో చాపలు పరిచారు, గోడకు తెల్లదుప్పటి కట్టారు. ఊళ్లోకి పసుపు ఉడకబెట్టే బాయిలరు వచ్చింది; ఆ సాయంత్రం వంతు అక్క వాళ్లదే. "పొద్దుమూకే లోపట ఏదో ఒకటి తేలాలె సార్" అంది అక్క. "తేలినట్టే" అన్నాను నేను. ప్రొజెక్టర్ పెట్టి, గుమ్మి తెరిచాను.

దుప్పటి నిండా ఒక బొటనవేలు.

సరే, ఒకటి పొరపాటున వచ్చి ఉంటుందని తర్వాతిది నొక్కాను. కోడి వెనకభాగం. తర్వాతిది మబ్బు, వంకరగా. తర్వాతిది ఎవరివో రెండు పాదాలు. తర్వాతిది అవ్వ, కళ్లు మూసుకుని, నోరు తెరుచుకుని. తర్వాత రెండు బొటనవేళ్లు. భవనమంతా నవ్వు. పిల్లతల్లులు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. మేడం కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. నవ్వనివాళ్లం ఇద్దరమే, నేనూ అక్కా.

"సార్, గివెందుకు వెట్టిండ్రు? గివి పాడైనయి గదా! పారేసినం" అంది అక్క.

"పారేసినవి గుమ్మిలో ఎందుకున్నాయి అక్కా?"

"మరి యాడ పారేస్తం? వడ్లు కోత మిషను కాడికెల్లి సీదా కాంటాకు పోవట్టె. గుమ్మిల గింజ పోసి ఎన్నేండ్లాయె! పాత చెప్పులు, చినిగిన సంచులు, ఇరిగిన కుర్చీ, అన్నీ గుమ్మిల్నే ఏస్తం."

"మంచివి ఎక్కడ పెట్టారు?"

"చాటల."

"చాటలో చెరిగితే పోతాయి కదా అక్కా!"

ఆమె నా వైపు జాలిగా చూసింది. అఆలు రానివాణ్ని చూసినట్టు. "పొయ్యేది పొల్లు సార్. పొల్లు కిందవడ్తది. చాటల ఉండేది గింజ గదా. మంచియన్నీ చాటల్నే ఏసినం. ఒక్కటి గూడ ఇడువలే. తెరువుండ్రి సార్ చాట."

చాటకు తెరవడం అనేది లేదు. నేను పెట్టలేదు. తీసేసిన ఫొటోలు ముప్పై రోజులు లోపల ఎక్కడో ఉండి, ఆ తర్వాత పూర్తిగా పోతాయి. లోపలంతా వెతికితే చివరి నెలవి దొరికాయి. ముచ్చటైన ఫొటోలు, కడిగిన ముత్యాల్లాంటి కొమ్ములు. అంతకుముందు నెలలవి ఒక్కటీ లేవు. ఆ మాట చెప్పాను. అక్క కిటికీలోంచి బాయిలరు పొగ వైపు చూసింది.

"గీ బొమ్మలెవలు గీసిండ్రు సార్?" అని వెనకనుంచి ఒక గొంతు.

"పైనుంచి వచ్చాయి" అన్నాను. నేను కుర్చీ మీద నిలబడి ప్రొజెక్టర్ సర్దుతున్నాను కాబట్టి అది పూర్తిగా అబద్ధం కూడా కాదు.

అప్పుడు మేడం అంది, "ఆ పెద్దమ్మ ఫొటోలు మళ్లీ వేయండి."

వేశాను. అవ్వ, కళ్లు మూసుకుని. ఇంకో నెల, అవ్వ, కళ్లు మూసుకుని. ఇంకో నెల, అవ్వ, ఈసారి ఒక కన్ను. ప్రతి నెలా ఒకటి. ప్రతిసారీ చేను మొదట్లో, మోటరు డబ్బా పక్కన, అదే చోట. ఫొటో మూలన తేదీ.

"ఈమె ప్రతి నెలా ఎందుకుంది ఇక్కడ?" అడిగింది మేడం.

"చెప్తె ఇనదు మేడం" అంది అక్క కళ్లు తుడుచుకుంటూ. "నేను ట్యాబ్ తియ్యంగనే ఉరికచ్చి నిలవడ్తది. ఓటి పాడుజేసినంక గాని జరగది. గప్పుడు మంచియి తీసుకునేది."

చాప మీదనుంచి అవ్వ లేచింది. "పాడుజేసుడేంది? దిష్టి తాకది? పచ్చటి చేనును గంత పెద్ద కన్ను వెట్టి సూత్తిరి. ముంగట నా మీద వడనియ్యి అని నేనే నిలవడ్డ. నాకు తాకితే ఏమైతది, పోయేదాన్నే గదా!"

మేడం దుప్పటి దగ్గరికి పోయి వేలుపెట్టి చూపించింది. మొదటి ఫొటోలో పసుపు అవ్వ చీలమండ దగ్గరుంది. తర్వాతి నెల మోకాలికి. తర్వాత నడుముకు. ఆ తర్వాత చంకకు. వెనక ఆకు ఆకూ కనబడుతోంది, మచ్చ లేకుండా.

"టేపు ఉందా ఎవరి దగ్గరైనా?"

కుట్టుమిషను అక్క ఒకామె ఉరికి టేపు తెచ్చింది. అవ్వను గోడకు నిలబెట్టారు. చీలమండ ఎంత, మోకాలు ఎంత, నడుము ఎంత, మేడం కొలుస్తుంటే ఒకరు రాసుకుంటున్నారు. అవ్వ సిగ్గుతో మెలికలు తిరిగింది. "ఏం కుట్టిస్తరే నాకు? గీ వయసుల లంగా జాకిట్టా?" భవనం మళ్లీ విరగబడి నవ్వింది. "కదలకు పెద్దమ్మా, మొక్క పొడుగైపోతుంది" అని మేడం కూడా మొదలుపెట్టింది. ఒక అంగుళం దగ్గర తేడా వస్తే, అవ్వ కడియాలు తీయించి మళ్లీ కొలిచారు. ప్రభుత్వ సర్వీసులో అంత శ్రద్ధగా ఏదైనా కొలవడం నేను అంతకుముందు చూడలేదు.

మేడం కాగితాలు నింపింది. కొలమానం అన్న గడిలో కొంచెం ఆలోచించి, "రైతు అత్తగారు" అని రాసి, కింద సంతకం పెట్టింది. జాబితాలో చేరినట్టే.

అక్క తన భర్తకు ఫోన్ చేసింది. ఎత్తలేదు. బాయిలరు చప్పుడులో వినబడదు. మళ్లీ చేసింది. ఈలోగా ఎవరో అన్నారు, ముందటి వాళ్లది జల్దీ అయిపోయి వీళ్ల వంతు వచ్చేసిందని. అక్క మేడం దగ్గర సంతకాలు పెట్టాలి, కదలలేదు. "నేను పోత" అని అవ్వ నా స్కూటర్ వెనక ఎక్కి కూర్చుంది. చేతిలో టేపు అలాగే ఉంది; దారి పొడుగునా అది మా వెనక జెండాలా ఎగిరింది. "జల్దీ పో సారూ, గింత మెల్లగ ఎద్దు గూడ నడువది" అని వీపు మీద గుద్దులు. నా స్కూటరు తన జీవితంలో ఒక్కసారే గేదెల గుంపును దాటేసింది, ఆ రోజే.

మేం కల్లానికి పోయేసరికి అవ్వ కొడుకు, అదే అక్క భర్త, విత్తనం సంచి మూతి విప్పి భుజానికెత్తుతున్నాడు. అవ్వ దిగి, ఆ సంచి కిందికి లాగి, దాని మీద కూర్చుంది.

"ఏందే అవ్వా, లే! వంతు పోతది!"

"పోనీ. ఇత్తనం పాసైంది రా."

"ఎట్ల పాసైంది?"

"నన్ను గోడకు నిలవెట్టి కొలిసిండ్రు" అంది అవ్వ, టేపు చూపిస్తూ. కొడుకు నా వైపు చూశాడు. నేను తలూపాను. అంతకంటే వివరంగా చెప్పే శక్తి అప్పుడు నాకు లేదు.

తర్వాతి వారం రెండు బొమ్మల కిందా మాటలు వచ్చాయి: 'ఉంచు', 'తీసెయ్'. చాటను దాచే పనికి మార్చాను. గుమ్మిని తీసెయ్యడానికి పెట్టాను. సంఘంలో ఒక్కరికీ మళ్లీ నేర్పాల్సిన పని రాలేదు, ఎందుకంటే వాళ్లు మొదటినుంచీ అలాగే వాడుతున్నారు. పెద్దసారు చూసి, "మాటలు రాస్తే బొమ్మ ఏమన్న ఏడ్సిందా?" అని మాత్రం అడిగాడు.

మీకు చెప్పదగ్గది ఏమైనా ఉంటే ఇంతే. ఆ చాయ్ హోటల్లో నేను "ఇదేమిటి?" అని అడిగాను. "దీంతో మీరేం చేస్తారు?" అని అడగలేదు. డ్రమ్ము దగ్గర, ఫ్లాపీ దగ్గర వాళ్లకు తెలియదనుకుని రెండు మాటలు ఎక్కువ మాట్లాడాను. చాట దగ్గర తెలుసన్నారు కదాని నోరు మూసుకున్నాను. తెలిసిన వస్తువు గీస్తే సరిపోతుందనుకున్నాను. ఎవరికి తెలిసినట్టు అనేది నాకు తట్టలేదు.

ఆ రోజు కల్లంలో జరిగిన ఒక ముక్క మాత్రం దాటేశాను. రాయకపోతే మీకేం తెలియదు కానీ, రాస్తాను. బాయిలరు వాళ్లు ఆ పూటకు వేరే కల్లానికి వెళ్లిపోయాక, అవ్వ ఆ సంచి మీదే కూర్చుని చెంబుడు నీళ్లు తాగి, నాకూ ఇచ్చింది.

"గా బొమ్మలు గీసినాయన యాడుంటడు సారూ?"

"పెద్ద ఆఫీసులో, అవ్వా. దూరం."

"పెండ్లయిందా?"

"అయింది."

"ఇంట్ల చాట ఉన్నదా?"

"ఉంది. వాళ్లావిడ వరండాలో కూర్చుని చెరుగుతుందట. ఆయన పక్కనే కూర్చుంటాడట."

అవ్వ నన్ను కాళ్లనుంచి తలదాకా చూసింది. ఇందాక మేడం తనను కొలిచినట్టే.

"అయితే గాయినకు తినుడే ఎరుక సారూ. పక్కకు కూసొని గూడ ఒక్కనాడన్న చాటలకు సూళ్లే."